ఇంట్లో గది అద్దెకు... అరకు దారిలో కొత్త బేరం
విడిది కోరేవారికి, విడిది ఇచ్చేవారికి కష్టసుఖాలు

అరకులోయ: శీతకట్టు మొదలైతే చాలు, శని ఆదివారాల్లో విశాఖ నుంచి అరకు వెళ్ళే ఘాట్ రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి. పొద్దున్నే విశాఖలో బయలుదేరే కిరండూల్ రైలు దిగే జనం సరేసరి. బొర్రా గుహలు, పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం చూసుకుని సాయంత్రానికే తిరుగుముఖం పట్టేవారు కొందరైతే, ఆ చలిలో ఒక రాత్రి గడపాలని వచ్చేవారు మరికొందరు. సీజనులో టూరిజం సంస్థ వారి అతిథి గృహాలు ముందుగానే నిండిపోతాయి. ప్రైవేటు లాడ్జీలలో ఒకనాటి ధర మరునాడు వుండదు. అలాంటప్పుడు కనిపించే మూడో దారి, రోడ్డు పక్క పల్లెల్లో ‘హోం స్టే’ అని బోర్డు కట్టిన ఇళ్ళు.

హోం స్టే అంటే మరేమీ లేదు. ఇంటివారు తాము కాపురముంటున్న ఇంట్లోనే ఒకటి రెండు గదులు శుభ్రం చేసి బాటసారులకు రాత్రి బసకు ఇస్తారు. పొద్దున ఫలహారం కూడా పెడతారు. ఇంగ్లండులో దీనినే ‘బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్’ అంటారు. పడకకు, పొద్దుటి తిండికి కలిపి ఒకే ధర. మధ్యాహ్నం, రాత్రి భోజనాల సంగతి ఎవరిది వారే చూసుకోవాలి.

మనకు ఇది బొత్తిగా తెలియని వ్యవహారం కాదు. ఓరుగల్లు పూటకూళ్ళ ఇంటి ముచ్చట క్రీడాభిరామంలో వుంది. గురజాడ వారి కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మను ఎరుగనివారు లేరు. అయితే పూటకూళ్ళమ్మ అమ్మింది భోజనం. ఇప్పటివారు అమ్మేది పడక, ఫలహారం దానికి కొసరు. ఇంకో తేడా కూడా వుంది. పూటకూళ్ళ ఇంటికి దారి అడిగి వెళ్ళేవారు. ఇప్పుడు ఫోనులో ఫోటో చూసి, డబ్బు కట్టి, ఆ తర్వాత బయలుదేరుతున్నారు. ఇలా ఫోను మీద గదులు కుదిర్చే ఎయిర్‌బీఎన్‌బీ అనే కంపెనీ పుట్టుక కూడా చిత్రమైనదే. 2007లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇద్దరు కుర్రాళ్ళు ఇంటి అద్దె కట్టుకోలేక, తమ హాల్లో గాలి పరుపులు పరిచి, ఊళ్ళో సభకు వచ్చినవారికి పడక, ఫలహారం ఇచ్చి డబ్బు తీసుకున్నారు. ఆ గాలి పరుపు పేరే కంపెనీ పేరులో మిగిలింది.

దిగేవారికి ఏం సుఖం?

మొదటిది ధర. నలుగురున్న కుటుంబం లాడ్జీలో రెండు గదులు తీసుకోవాలి. ఇంట్లో అయితే ఒకే పెద్ద గదిలో ఇంకో పరుపు వేయించుకుని సర్దుకోవచ్చు. చంటిపిల్లకు పాలు కావాలంటే అర్ధరాత్రి అయినా పొయ్యి వెలిగించే మనిషి ఇంట్లో వుంటుంది. లాడ్జీ కుర్రవాడిని లేపితే లేస్తాడన్న నమ్మకం లేదు.

రెండవది తిండి. అరకు దాకా వెళ్ళి విశాఖ బస్టాండు ఇడ్లీయే తినడానికి అంత దూరం పోనక్కరలేదు. మన్యం ఇంట్లో అయితే చోడి అంబలి, సామల అన్నం, ఆ నేలలోనే పండిన రాజ్మా గింజల కూర, పెరటి కోడి దొరుకుతాయి. పొద్దున ఇచ్చే కాఫీ ఆ కొండవాలులో పండినదే అయి వుండవచ్చు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే చాలా ఇళ్ళలో అతిథులకు మాత్రం పట్నం నుంచి తెచ్చిన కాఫీ పొడుం కలిపి ఇస్తున్నారు. పట్నంవారికి అదే అలవాటని ఇంటివారి అనుమానం. నోరు విప్పి అడిగితే మంచి కాఫీయే దొరుకుతుంది.

మూడవది, లాడ్జీలో ఎంత డబ్బు పెట్టినా దొరకనిది, దారి చెప్పే మనిషి. ఏ గెడ్డలో దిగవచ్చో, ఎక్కడ పాకుడు రాళ్ళున్నాయో, వలిసె పూలు ఈ వారం ఏ ఊరి పొలాల్లో విరగబూశాయో ఇంటివారికి తెలుసు. ఎగువన వాన పడితే చాపరాయి దగ్గర నీళ్ళు ఎంతలో పెరుగుతాయో కూడా తెలుసు. నీళ్ళలో దిగవద్దని వారు చెబితే వినడం మంచిది.

మరి ఇబ్బందులు?

ఇబ్బందులూ తక్కువేమీ కాదు. ఫోటోలో కనిపించిన గది, తలుపు తీసిన గది ఒకటే అవుతాయని హామీ లేదు. స్నానాలగది గదికి ఆనుకుని వుందా, పెరట్లో వుందా, ఇంటివారితో కలిపి వాడుకోవాలా అన్నది డబ్బు కట్టకముందే అడగాలి. పెద్దవారు, మోకాళ్ళ నొప్పులవారు వుంటే మరుగుదొడ్డి ఎలాంటిదో అడగడానికి మొహమాటపడరాదు. వేడినీళ్ళకు గంట ముందు చెప్పాలన్నవారున్నారు. పది దాటితే గేటు వేసేస్తామన్నవారున్నారు. అది వారి ఇల్లు, వారి పద్ధతి. రాత్రి రెండింటి దాకా పాటలు పెట్టుకుని గెంతాలనుకునేవారికి ఇల్లు తగిన చోటు కాదు.

ఒంటరిగా వచ్చే ఆడవారు, కొత్త జంటలు మరికొంత చూసుకోవాలి. ఇంట్లో ఆడవారు వుంటున్నారా, గదికి లోపలి గడియ గట్టిగా పడుతుందా, రెండో తాళంచెవి ఎవరి దగ్గర వుంది అన్నవి అడగవలసిన ప్రశ్నలే. రహస్య కెమెరాల భయం ఉత్త భయం కాదు. మంచానికి, స్నానాలగదికి ఎదురుగా పెట్టిన గడియారాలు, ప్లగ్గులు, పొగ గంటలు ఒకసారి పరికించి చూడడం తప్పుకాదు.

చలికాలంలో ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఒకటి వుంది. అరకులోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తులో వుంది. లంబసింగిలో చలి సంగతి చెప్పనక్కరలేదు. చలికి తాళలేక బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని, కిటికీలు బిగించుకుని పడుకుంటే బొగ్గులు కాలగా వచ్చే విషవాయువుకు రంగు వుండదు, వాసన వుండదు. పడుకున్నవారు పడుకున్నట్టే పోతారు. గాలి ఆడని స్నానాలగదిలో గ్యాస్ గీజర్ పెట్టినా ఇదే ముప్పు. కుంపటి బయటే వుండాలి, ఇంకో దుప్పటి అడగాలి. గ్యాస్ గీజర్ వున్న చోట పైకిటికీ తెరిచి వుండాలి. గుడారాలలో దిగేవారు లోపల పొయ్యి వెలిగించరాదు. ఈ మాట దిగేవారికి ఎంత అవసరమో, గదులు ఇచ్చేవారికి అంతకు రెట్టింపు అవసరం.

ఏజెన్సీలో మలేరియా పాత శత్రువు. దోమతెర లేని ఇంట్లో కిటికీ తెరుచుకుని పడుకోవడం కోరి తెచ్చుకోవడమే. తిరిగి వెళ్ళాక రెండు మూడు వారాల్లో చలిజ్వరం వస్తే డాక్టరుకు ‘అరకు వెళ్ళి వచ్చాం’ అని చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి.

అడ్వాన్సు పేరిట మోసాలు కూడా జరుగుతున్నాయి. లేని ఇంటికి ఫోటోలు పెట్టి, సగం డబ్బు ముందే పంపమని, పంపాక ఫోను కట్టేస్తారు. ఆ ఇంటివారితో ఒకసారి మాట్లాడి, పక్కన వున్న బడి పేరో, బస్సు ఆగే చోటో అడిగితే దొంగ తడబడతాడు. డబ్బు పోతే 1930 నంబరుకు వెంటనే ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఆధార్ కాగితం అడిగితే, చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే కాపీ ఇవ్వవచ్చు. అలాంటిది ఆధార్ సంస్థవారే తీసుకునే వీలు కల్పించారు.

గదులు ఇచ్చేవారి లెక్క

ఇంతదాకా దిగేవారి సంగతి. మన పల్లెవాసులకు అసలు ప్రశ్న వేరే వుంది. మనమూ ఒక గది కట్టి అద్దెకు ఇస్తే గిట్టుబాటు అవుతుందా?

ఒక లెక్క వేసి చూద్దాం. రెండు గదులనుకుందాం. గది రాత్రికి 1500 రూపాయలు. ఏడాది పొడుగునా జనం రారు. నవంబరు నుంచి జనవరి దాకా శని ఆదివారాలు, పండుగ సెలవులు, మధ్యలో కొన్ని రోజులు కలిపి 60 రాత్రులు రెండు గదులూ నిండాయనుకుందాం. వచ్చేది 1,80,000 రూపాయలు. ఇందులో ఫోను మీద బేరం కుదిర్చిన కంపెనీకో, మధ్యవర్తికో నూటికి 15 వంతున పోతే 27,000. ఫలహారానికి గదికి 120 చొప్పున 14,400. దుప్పట్లు ఉతికించడం, సబ్బు, కరెంటు, నీళ్ళు కలిపి గదికి 150 చొప్పున 18,000. మిగిలేది 1,20,600 రూపాయలు. ఏడాదికి ఇది తక్కువ సొమ్మేమీ కాదు.

కాని ఆ రెండు గదులు కట్టడానికి అయిదు లక్షలు అప్పు తెచ్చారనుకోండి. నూటికి పది వడ్డీ మీద అయిదేళ్ళలో తీర్చాలంటే నెలకు 10,600 రూపాయల పైచిలుకు కట్టాలి. ఏడాదికి 1,27,000 దాటుతుంది. అంటే అయిదేళ్ళూ చాకిరీ చేసి ఏటా ఏడు వేలు చేతినుంచి వేసుకోవడమే. ఒక ఏడు తుపాను వచ్చి డిసెంబరులో ఘాట్ రోడ్డు మూసేస్తే ఇక చెప్పనక్కరలేదు. అంకెలు ఊరినిబట్టి మారవచ్చుగాని, లెక్క తీరు మారదు. వున్న గదికి సున్నం వేసి, మరుగుదొడ్డి బాగుచేసి మొదలుపెట్టినవారు నిలబడతారు. అప్పు చేసి మేడ లేపినవారికి ఆ మేడే గుదిబండ అవుతుంది. రెండు సీజన్లు చూశాక, వచ్చిన సొమ్ముతో మూడో గది కట్టుకోవడం మన రైతు బుద్ధికి తగిన పద్ధతి.

అప్పు కాకుండా సాయంగా వచ్చే దారి ఒకటి వుంది. 2024లో మొదలైన ధర్తీ ఆబా గిరిజన గ్రామ పథకంలో గిరిజన ప్రాంతాలలో వెయ్యి హోం స్టేలు పెట్టించాలని కేంద్రం నిర్ణయించింది. కొత్తగా కట్టుకునే యూనిటుకు 5 లక్షల దాకా, వున్న ఇల్లు బాగుచేసుకునేందుకు 3 లక్షల దాకా, ఊరి ఉమ్మడి అవసరాలకు 5 లక్షలు ఇవ్వాలన్నది ఏర్పాటు. హోం స్టేలకు ముద్రా రుణాలిస్తామని 2025 కేంద్ర బడ్జెటులో ప్రకటించారు. అయితే ముద్రా అప్పే. పై లెక్క దానికీ వర్తిస్తుంది.

లెక్కలో వేయని ఖర్చు ఇంకొకటి వుంది. ఇంటి ఆడవారి కష్టం. గెడ్డ నుంచో, కుళాయి నుంచో అదనంగా పది బిందెల నీళ్ళు, నాలుగు జతల దుప్పట్లు, తెల్లవారుజామున నలుగురికి ఫలహారం. ఇవన్నీ చేసేది ఒకరు, సొమ్ము లెక్కపెట్టుకునేది మరొకరు అయితే ఆ హోం స్టే ఎక్కువకాలం నడవదు. గది అద్దె నేరుగా ఇంటి ఇల్లాలి ఖాతాలో పడేటట్టు చూసుకోవడం ఎందుకైనా మంచిది.

ఇక వచ్చేవారంతా ఒకలాంటివారు కారు. వంట చేసేదెవరు అని కులం ఆరా తీసే అతిథులూ లేకపోలేదు. గిరిజనుల ఇంటికి వచ్చి ఆ ప్రశ్న వేయడంకన్నా లాడ్జీకి పోవడం మేలు. అడగకుండా ఆడవారి ఫోటోలు తీయడం, అప్పటికప్పుడు థింసా ఆడి చూపించమనడం, పిల్లల చేతిలో పది రూపాయలు పెట్టి అలవాటు చేయడం, ఇవన్నీ జరుగుతున్నవే. థింసా పండుగలకు, పెళ్ళిళ్ళకు ఊరంతా కలిసి వేసే అడుగు. దానికి ధర కట్టాలా వద్దా, కడితే ఎంత, ఎవరికి చెందాలి అన్నది ఊరు కూర్చుని తేల్చుకోవాలి. ఒక ఇంటివారు ఒక రేటు, మరో ఇంటివారు మరో రేటు చెబితే ఊళ్ళో తగవే మిగులుతుంది.

బోర్డు ఒకరిది, భూమి మరొకరిది

అసలు చిక్కు ఇక్కడే వుంది. అరకు, అనంతగిరి, డుంబ్రిగుడ, పాడేరు, చింతపల్లి, ఇవన్నీ షెడ్యూలు ప్రాంతాలు. ఇక్కడి భూమి గిరిజనులు గిరిజనులకు మాత్రమే అమ్ముకోవాలి. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించి గట్టిచేసిన చట్టాన్నే జనం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటారు. అమ్మకమే కాదు. తాకట్టు, కౌలు, దానం, మారకం కూడా ఈ చట్టం దృష్టిలో బదలాయింపే. కనుక మైదానం నుంచి వచ్చినవారు గిరిజన రైతుకు ఏడాదికి ఇంత అని ముట్టజెప్పి, అతని స్థలంలో కాటేజీలు లేపి, బోర్డు మీద అతని పేరు, గల్లాపెట్టె మీద తమ చెయ్యి పెట్టుకునే ఏర్పాటు చట్టానికి నిలవదు. పదేళ్ళకు రాసుకున్నా, తెల్లకాగితం మీద రాసుకున్నా అంతే. ఏజెన్సీ అధికారులు విచారించి భూమిని తిరిగి గిరిజనునికి ఇప్పించవచ్చు.

అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల కౌళ్ళ మీద నడిచిన సమతా కేసులో సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన తీర్పు ఈ విషయంలో పెద్దది. షెడ్యూలు ప్రాంతంలో గిరిజనేతరులకు గనుల కౌలు ఇవ్వడానికి ప్రభుత్వానికి సైతం హక్కు లేదని ఆ తీర్పు చెప్పింది. ప్రభుత్వానికే లేనిది మధ్యవర్తికి ఎక్కడినుంచి వస్తుంది?

గిరిజన కుటుంబం తన ఇంట్లో తానుంటూ బాటసారికి ఒక రాత్రి గది ఇవ్వడం వేరు. ఇల్లే అప్పజెప్పి, తన ఇంట్లోనే తాను కాపలాదారుగా జీతానికి కుదరడం వేరు. ‘మీకెందుకు శ్రమ, నెలకు ఇంత పారేస్తాం’ అని వచ్చే మాట మొదట తీయగానే వుంటుంది. రోడ్డు పక్క పొలం ఒకసారి కాంక్రీటు అయ్యాక అందులో మళ్ళీ వరి నాటలేం. దిగేవారు కూడా ఈ సంగతి గమనించాలి. ‘గిరిజనుల ఇంట్లో బస’ అని ఫోనులో చదివి వెళితే, తలుపు తీసేది విశాఖ నుంచి వచ్చిన మేనేజరైతే ఆ సొమ్ము ఆ ఊళ్ళో నిలవదన్నమాట.

కేంద్ర పర్యాటక శాఖవారి బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకంలో కూడా మొదటి షరతు ఇదే. ఇంటి యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే కాపురముండాలి. అద్దెకు ఇచ్చేవి ఒకటి నుంచి ఆరు గదుల దాకా, మొత్తం 12 పడకలు మించరాదు. అధికారులు వచ్చి చూసి, వసతులనుబట్టి వెండి, బంగారు తరగతులు ఇస్తారు. వచ్చిన ప్రతివారి పేరు, ఊరు, గుర్తింపు కాగితం రిజిస్టరులో రాసుకోవాలి. విదేశీయులు దిగితే 24 గంటలలోగా అధికారులకు తెలియజేయాలి. ఇది మరిచినవారు తర్వాత పోలీసు స్టేషను చుట్టూ తిరగవలసి వస్తుంది.

ఇలాంటిది ఊరంతా కలిసి నడిపిన చోట్లు లేకపోలేదు. కేరళలో కొచ్చి దగ్గరి కుంబళంగి అనే చేపలవారి ఊరును 2003లో పర్యాటక గ్రామంగా చేశారు. అక్కడ అతిథులు ఇళ్ళలో దిగి, వల వేయడం, పీతలు పట్టడం, కొబ్బరి పీచు తాళ్ళు పేనడం చూస్తారు. హోం స్టేలను వజ్రం, బంగారం, వెండి అని తరగతులుగా విడదీసే పద్ధతి కూడా కేరళవారు పెట్టుకున్నారు. వారికి ఏడాదిలో ఎక్కువ నెలలు జనం వస్తారు, మనకు మూడు నెలలే. ఆ తేడా మరిచి వారిని చూసి వాత పెట్టుకోరాదు.

చెత్త ఎవరు ఎత్తాలి?

పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద తెల్లవారుజామున పాలసముద్రంలా పరుచుకునే మబ్బులు చూడడానికి జనం చీకటితోనే ఎక్కుతారు. లంబసింగి దారిలో గుడారాలు వేస్తారు. పొద్దెక్కాక మబ్బు పోతుంది, జనం పోతారు, ప్లాస్టిక్ సీసాలు, విస్తళ్ళు, మద్యం సీసాలు మిగులుతాయి. గుడారాలు వేసేవారిలో మరుగుదొడ్లు కట్టినవారు కొందరే. మిగతా చోట్ల ఆ బాధ గెడ్డకు, గెడ్డ నీళ్ళు తాగే దిగువ ఊళ్ళకు.

ఈ ఒక్క విషయంలో ఇంట్లో బస ఇచ్చే పద్ధతి గుడారంకన్నా ఎన్నో రెట్లు నయం. ఇంటివారు తమ వాకిట్లో సీసా పగలగొట్టనివ్వరు. తాము తాగే ఊటలో సబ్బు నీళ్ళు కలపనివ్వరు. గది ఇచ్చే ప్రతి ఇంటివారు అతిథి వద్ద అద్దెతోపాటు చెత్త రుసుము ఇరవయ్యో ముప్పయ్యో తీసుకుని పంచాయతీకి కడితే, శని ఆదివారాల మరునాడు చెత్త ఎత్తే మనిషికి కూలి గిట్టుతుంది. షెడ్యూలు ప్రాంతాల్లో గ్రామసభకు వున్న అధికారం తక్కువేమీ కాదు. ఈ శీతకట్టు ముదరకముందే సభ పెట్టి, రేటు ఎంత, ఎన్ని గదులు, రాత్రి ఎన్ని గంటలకు పాటలు ఆపాలి, చెత్త ఎక్కడ వేయాలి అన్న నాలుగు విషయాలు తీర్మానం పుస్తకంలో రాసుకోవచ్చు. పథకం సాయం కావలసినవారు ఇంటి కాగితాలు, ఆధార్, బ్యాంకు పుస్తకం నకళ్ళతో పాడేరు ఐ.టి.డి.ఎ. కార్యాలయంలో విచారించుకోవడం మంచిది. అప్పటికి మరుగుదొడ్డి కట్టి వుంటే సగం పని అయినట్టే.